బస్తీలో బస: క్రైస్తవ యువజన, సామాజిక పరిచర్యలో విద్యార్థి పరిశోధన చరిత్ర

డిగ్రీ చివరి సంవత్సరంలో ప్రాజెక్టు పని అనగానే చాలామంది విద్యార్థులకు గుర్తొచ్చేది ప్రశ్నావళి. ఒక బస్తీనో, ఊరినో ఎంచుకోవడం, యాభై ఇళ్లు తిరగడం, జవాబులను పట్టికల్లోకి ఎక్కించడం, చివర నాలుగు సూచనలు రాయడం. ఈ పద్ధతి సమాజ శాస్త్ర విభాగాల్లో పుట్టిందని సాధారణంగా అనుకుంటాం. అది సగమే నిజం. ఇంగ్లండు, అమెరికాల్లో ఆ విభాగాలు నిలదొక్కుకోకముందే, క్రైస్తవ పరిచర్యలో భాగంగా పేదల పేటల్లోకి వెళ్లిన యువకులు, యువతులు అక్కడి జీవితాన్ని రాసి పెట్టడం మొదలుపెట్టారు. ఆ పని తర్వాత బొంబాయి మీదుగా మన దేశంలోకీ, మరో దారిలో మెదక్ పల్లెల్లోకీ వచ్చింది.

ఈ చరిత్రను చదివేటప్పుడు ఒక ప్రశ్నను దృష్టిలో ఉంచుకోండి. సేవ చేయడానికి వెళ్లినవారికి తమను పంపిన సంస్థకే ఇబ్బంది కలిగించే విషయాలు కనబడినప్పుడు వారు ఏం చేశారు? పరిచర్య నివేదికకూ పరిశోధన నివేదికకూ తేడా అక్కడే తెలుస్తుంది.

హాజరు పట్టీల కాలం

యువజన పరిచర్యకు తొలి రూపాలు మనకు తెలిసినవే. గ్లాస్టర్ పట్టణంలో పత్రిక నడిపే రాబర్ట్ రెయిక్స్ 1780లో ఆదివారపు బడి ప్రారంభించాడు. వారమంతా పనిచేసే పిల్లలకు ఆదివారం ఒక్కటే ఖాళీ. చదవడం నేర్పితే బైబిలు చదువుతారన్నది ఆలోచన. లండన్‌లో బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉన్న 22 ఏళ్ల జార్జ్ విలియమ్స్, తోటి గుమాస్తాలతో కలిసి 1844 జూన్ 6న వై.ఎం.సి.ఎ. స్థాపించాడు. గ్లాస్గోలో విలియం అలెగ్జాండర్ స్మిత్ 1883లో బాయ్స్ బ్రిగేడ్ మొదలుపెట్టాడు. ఆదివారం తరగతిలో అల్లరి చేసే మగపిల్లలను కవాతు క్రమశిక్షణతో దారికి తేవచ్చునన్నది ఆయన నమ్మకం.

ఈ సంస్థలన్నీ లెక్కలు రాసేవి. అయితే అవి ఎక్కువగా హాజరు లెక్కలు: ఎంతమంది వచ్చారు, ఎన్ని బైబిళ్లు పంచారు, ఎన్ని శాఖలు తెరిచారు. రానివాళ్లెవరు, ఎందుకు రాలేదు అన్న వరుస ఆ పుస్తకాల్లో ఉండదు. బ్రిటిష్ ప్రభుత్వం 1851 మార్చి 30 ఆదివారం నాడు ప్రార్థనా మందిరాల హాజరును లెక్కించినప్పుడు ఈ లోపం బయటపడింది. పెద్ద పట్టణాల్లోని శ్రామికుల్లో ఎక్కువమంది ఏ చర్చికీ రావడం లేదని ఆ నివేదిక రాసిన హొరేస్ మాన్ తేల్చాడు. చర్చి పెద్దలకు అది పెద్ద దెబ్బ. అయినా పేటల్లోకి వెళ్లి కారణం తెలుసుకోవాలన్న ఆలోచన రావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది.

టాయిన్‌బీ హాల్

1883లో కాంగ్రిగేషనల్ చర్చివారు లండన్ పేదల ఇళ్ల గురించి ఒక చిన్న కరపత్రం వేశారు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, నేలమాళిగల్లో కాపురాలు, అద్దె కట్టలేక చేసే పనులు ఇవన్నీ అందులో ఉన్నాయి. మధ్యతరగతి ఇళ్లలో అది పెద్ద కలకలం రేపింది. అదే సంవత్సరం నవంబరులో శామ్యూల్ బార్నెట్ అనే పాదిరి ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీ విద్యార్థుల ముందు ఒక ప్రసంగం చేశాడు. బార్నెట్, ఆయన భార్య హెన్రియెట్టా 1873 నుంచి తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్‌లో సెయింట్ జూడ్స్ చర్చిలో పనిచేస్తున్నారు. చందాలు పంపడం, అప్పుడప్పుడు వచ్చి వెళ్లడం చాలదనీ, చదువుకున్నవారు పేదల పేటలోనే కాపురం ఉండాలనీ ఆయన వాదన. ఆ తలంపుతోనే 1884 క్రిస్మస్ ముందు రోజు రాత్రి టాయిన్‌బీ హాల్ తెరుచుకుంది. మొదట బస చేసినవారు ఇద్దరే. 1883లో ముప్పై ఏళ్లకే చనిపోయిన ఆర్థిక చరిత్రకారుడు ఆర్నాల్డ్ టాయిన్‌బీ పేరు దానికి పెట్టారు. ఇలాంటి ఇళ్లను సెటిల్‌మెంట్లు అన్నారు. మన దగ్గర ఈ మాట భూమి శిస్తుకు, నేరస్థ తెగల శిబిరాలకు వాడుకలో ఉంది కాబట్టి, ఈ పాఠంలో దాన్ని ‘బస గృహం’ అందాం.

బార్నెట్ బస గృహాన్ని మతప్రచార కేంద్రంగా నడపలేదు. ఈ విషయంలో అసంతృప్తి ఉన్న కొందరు, చర్చి లక్షణం స్పష్టంగా ఉండాలని, అదే 1884లో బెత్నల్ గ్రీన్‌లో ఆక్స్‌ఫర్డ్ హౌస్ ప్రారంభించారు. సేవకు మతం ప్రేరణ మాత్రమేనా, లక్ష్యం కూడానా అన్న వాదన ఆ విధంగా మొదటి ఏడాదిలోనే వచ్చింది. ఇప్పటికీ అది తీరలేదు.

బస చేయడం వల్ల ఏం మారింది? పగలు వచ్చి సాయంత్రం వెళ్లే దాతకు కనిపించని విషయాలు అక్కడే ఉండేవాడికి కనబడతాయి. ఓడరేవులో కూలి ఏ రోజు దొరికిందీ, ఏ రోజు దొరకనిదీ, సోమవారం ఏ వస్తువు తాకట్టు కొట్టుకు వెళ్లిందీ, శనివారం ఏది విడిపించుకొచ్చిందీ వీధిలో ఉంటేనే తెలుస్తుంది. పేదరికానికి కారణం తాగుడు, సోమరితనం అని నమ్మి వచ్చిన యువకుల్లో కొందరు, పని దొరక్కపోవడమే అసలు కారణమని అనుకోవడం మొదలుపెట్టారు. విలియం బెవరిడ్జ్ 1903లో టాయిన్‌బీ హాల్‌లో ఉప వార్డెన్‌గా చేరి నిరుద్యోగం మీద అధ్యయనం చేశాడు. బ్రిటన్ సాంఘిక భద్రతా వ్యవస్థకు దారి చూపిన 1942 నివేదిక ఆయనదే. 1945లో ప్రధాని అయిన క్లెమెంట్ అట్లీ కూడా తూర్పు లండన్‌లో ఒక బాలుర క్లబ్బును చూసుకుంటూ కాపురం ఉన్నవాడే.

చార్లెస్ బూత్ రంగుల పటాలు

బస గృహాల విద్యార్థులకు పద్ధతి నేర్పింది మాత్రం పాదిరి కాదు, ఓడల వ్యాపారి. లివర్‌పూల్‌కు చెందిన చార్లెస్ బూత్ 1886లో లండన్ ప్రజల జీవితం, వృత్తుల మీద సొంత డబ్బుతో విచారణ మొదలుపెట్టాడు. ఆయన భార్య మేరీ, 1835 విద్యా నివేదిక వల్ల మనకందరికీ పరిచయమైన మెకాలేకు తమ్ముడి కూతురు. ఆమె రాతప్రతులను దిద్దడమే కాక, పనిలో సగపాలు పంచుకుంది. టాయిన్‌బీ హాల్‌లో ఉంటున్న హ్యూబర్ట్ లెవెలిన్ స్మిత్, ఎర్నెస్ట్ ఏవ్స్ వంటి యువకులు సహాయకులుగా చేరారు. మేరీకి బంధువైన బియాట్రిస్ పాటర్ 1888లో కూలిమనిషి వేషంలో తూర్పు లండన్ కుట్టు దుకాణంలో ప్యాంట్లు కుట్టి, ఆ అనుభవాన్ని రాసింది. తర్వాత ఆమెనే ప్రపంచం బియాట్రిస్ వెబ్‌గా ఎరిగింది.

బూత్ పద్ధతిని కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే మీ ప్రాజెక్టుల్లోని చిక్కులన్నీ అందులో ఉన్నాయి. లక్షల ఇళ్లు తిరగడం సాధ్యం కాదు. అందువల్ల బడి ఈడు పిల్లలున్న ప్రతి ఇంటి గురించీ తెలిసిన స్కూలు బోర్డు ఉద్యోగులను గంటల తరబడి కూర్చోబెట్టి, వారి పుస్తకాల నుంచి ఇంటింటి వివరం రాసుకున్నారు. అంటే కుటుంబాన్ని నేరుగా అడగలేదు. కుటుంబం గురించి ఒక ఉద్యోగి చెప్పినది రాశారు. ఆ బలహీనత తెలిసే, బూత్ స్వయంగా కొన్నాళ్లు కార్మికుల ఇళ్లలో గది అద్దెకు తీసుకుని ఉన్నాడు. సేకరించిన సమాచారాన్ని బట్టి ఒక్కో వీధికీ ఒక్కో రంగు వేశారు. అతి హీనమైన వీధికి నలుపు, కడు పేదలకు ముదురు నీలం, తర్వాత లేత నీలం, ఊదా, గులాబి, ఎరుపు, సంపన్నులకు పసుపు. 1897 తర్వాత పటాలను సరిచూడటానికి సహాయకులు పోలీసులతో కలిసి వీధి వీధీ నడిచారు. నల్లరంగు వీధులకు నేరస్థుల వీధులన్న అర్థం కలిసిపోవడంలో ఆశ్చర్యమేముంది? పక్కన నడిచినవాడి చూపు పటంలోకి వచ్చింది.

లండన్ జనాభాలో 30.7 శాతం పేదరికంలో ఉన్నారని ఆ విచారణ తేల్చింది. 1889లో తొలి సంపుటం, 1903 నాటికి మొత్తం 17 సంపుటాలు వచ్చాయి. యార్క్ పట్టణంలో ఆదివారం వయోజనులకు చదువు చెప్పే క్వేకర్ యువకుడు సీబోమ్ రౌంట్రీ దీన్ని చూసి తన ఊళ్లో ఇంటింటికీ పరిశోధకులను పంపాడు. ఆయన పుస్తకం 1901లో వచ్చింది. ఒక చిన్న పట్టణంలోనూ నాలుగో వంతుకు మించి పేదలున్నారని తేలడంతో, పేదరికం లండన్ ఒక్కదాని జబ్బు అన్న వాదం పోయింది.

మన అంశానికి ముఖ్యమైనవి బూత్ సంపుటాల్లో ‘మత ప్రభావాలు’ అన్న ఏడు. 1902, 1903లలో వచ్చిన వీటి కోసం పాదిరులు, మిషను పనివారు, బడిపంతుళ్లు ఇలా వందల మందిని కలిసి మాట్లాడారు. ఆదివారం ఎందరు వస్తారు? ఎవరికి సాయం చేస్తారు? పక్క చర్చితో మీ సంబంధం ఎలా ఉంది? జవాబులన్నీ నోటు పుస్తకాల్లోకి ఎక్కాయి. తేలిందేమిటంటే, అంతటి కృషి తర్వాత కూడా మామూలు కార్మికులు చర్చికి వెలుపలే ఉన్నారు. ఒకే వీధిలో మూడు నాలుగు మిషన్లు బొగ్గు, రొట్టె, పిల్లలకు విందులు ఇవ్వడంలో పోటీపడుతున్నాయి. ఎక్కడ ఏది ఇస్తే అక్కడికి వెళ్లడం పేదలు నేర్చుకున్నారు. అలా వెళ్లేవారిని ఇరుగుపొరుగు చిన్నచూపు చూస్తారు కాబట్టి ఆత్మాభిమానం గల కార్మికుడు చర్చి గడప తొక్కడు. దాతృత్వమే మనుషులను దూరం చేస్తోందన్న ఈ మాట మిషన్లు వినాలనుకున్నది కాదు. తన సహాయకులకు తలుపు తీసి, టీ ఇచ్చి, గంటసేపు మాట్లాడిన పాదిరుల గురించే బూత్ ఇది రాశాడు. పరిశోధకుడిగా ఆయన నిజాయితీకి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

చదవబడేవారి మాట

అమెరికాలో జేన్ ఆడమ్స్ 1888లో టాయిన్‌బీ హాల్ చూసి వెళ్లి, మరుసటి సంవత్సరం స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి చికాగోలో హల్ హౌస్ తెరిచింది. బూత్ పటాలను ఆదర్శంగా పెట్టుకుని అక్కడి నివాసులు 1895లో తమ పేటలోని జాతుల, కూలిరేట్ల పటాలు అచ్చువేశారు. అదే నగరంలో చికాగో థియలాజికల్ సెమినరీ ఆచార్యుడు గ్రాహం టేలర్ 1894లో చికాగో కామన్స్ అనే బస గృహం పెట్టాడు. పాదిరి శిక్షణ పొందే విద్యార్థులు వలస కార్మికుల మధ్య ఉండి సమాజాన్ని చదవాలన్నది ఆయన పట్టుదల. వేదాంత విద్యలో క్షేత్ర పరిశోధన పాఠ్యాంశంగా చోటు చేసుకోవడానికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

ఆ కాలపు పరిశోధనల్లో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఫిలడెల్ఫియాలో జరిగింది. నగరంలోని నల్లజాతి పేట గురించి అధ్యయనం చేయాలని బస గృహం మహిళలు కోరగా, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1896లో డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌ను నియమించింది. హార్వర్డ్‌లో డాక్టరేటు పొందినా, నల్లవాడు కాబట్టి ఆయనకు తరగతి గదిలో పాఠం చెప్పే ఉద్యోగం ఇవ్వలేదు. కొత్తగా పెళ్లయిన భార్యతో అదే పేటలో కాపురం పెట్టి, రెండున్నర వేల ఇళ్ల దాకా తానే తిరిగి, 1899లో పుస్తకం వెలువరించాడు. పేటలో అవినీతి, నేరం ఎందుకున్నాయో చెప్పమని అడిగితే, ఉద్యోగాల్లో వివక్ష, అద్దెల్లో మోసం, బానిసత్వపు వారసత్వం ఎలా పనిచేస్తున్నాయో ఆయన చూపించాడు. చర్చిని ప్రార్థనా స్థలంగా మాత్రమే కాక, నల్లవారికి క్లబ్బు, పత్రిక, బ్యాంకు, ఉద్యోగ కార్యాలయం అన్నీ అయిన సంస్థగా వర్ణించాడు. పేటవాళ్లు తనను సాదరంగా ఆహ్వానించలేదనీ, తమను వింత జంతువుల్లా పరిశీలించడం వారికి నచ్చలేదనీ తర్వాత తానే రాసుకున్నాడు. పరిశోధకుడు తమవాడే అయినా వారికలా అనిపించింది. ప్రశ్నావళి పట్టుకుని ఎస్సీ కాలనీకో, గిరిజన గూడేనికో వెళ్లే మన విద్యార్థులకు ఈ ఒక్క అధ్యాయం తప్పనిసరి పాఠం కావాలి.

బొంబాయి నాగ్‌పాడా

మన దేశంలో క్రైస్తవ యువజన ఉద్యమం నుంచి గ్రామ పరిచర్యకు వచ్చినవారిలో తెలుగువారికి బాగా దగ్గరివాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి జిల్లాకు చెందిన ఆయన 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేశాడు. తర్వాత తెలుగు నేర్చుకుని దోర్నకల్ చేరాడు. 1912లో అక్కడి బిషప్పుగా, ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. మాల, మాదిగ పల్లెలు ఊళ్లకు ఊళ్లు బాప్తిస్మం తీసుకుంటున్న రోజులవి. ఈ సామూహిక మతాంతరీకరణలు విశ్వాసం వల్లా, లాభం వల్లా అన్న వివాదం ముదరడంతో, వాస్కమ్ పికెట్ నాయకత్వంలో ఒక సర్వే జరిగి 1933లో పుస్తకంగా వచ్చింది. తెలుగు ప్రాంతాలూ అందులో ఉన్నాయి. వేలమందిని ‘మీరెందుకు క్రైస్తవులయ్యారు?’ అని అడిగి, జవాబులను ఆధ్యాత్మికం, లౌకికం, సాంఘికం అని వర్గీకరించారు. ఇది చక్కని ప్రయత్నమే కానీ, వెట్టి తప్పించుకోవాలనే కోరికనూ దేవుని మీద నమ్మకాన్నీ పల్లెలో మనిషి వేరువేరు అరల్లో పెట్టుకోడు. అడిగేది చర్చి మనిషి అయినప్పుడు ఏ జవాబు ముందు వస్తుందో ఊహించవచ్చు.

నగరంలో పని మరో దారి పట్టింది. అమెరికన్ మరాఠీ మిషన్ తరఫున 1925లో వచ్చిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ చికాగోలో చదువుకున్నవాడు. మిల్లు, రేవు కూలీలు, అనేక మతాలవారు కలిసి ఇరుకుగా బతికే బొంబాయి నాగ్‌పాడాలో 1926లో నైబర్‌హుడ్ హౌస్ అనే బస గృహం ఏర్పడింది. పిల్లలకు ఆటలు, తల్లులకు వైద్యం, పెద్దలకు రాత్రి బడి, ఉపన్యాసాలు అక్కడి కార్యక్రమాలు. వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో 1891లో పుట్టిన బాస్కెట్‌బాల్ ఈనాటికీ నాగ్‌పాడా కుర్రాళ్ల ఆటగా పేరుపొందింది. మంచి మనసు ఒక్కటే ఉన్న కార్యకర్తలతో ఈ పని సాగదనీ, సమాజ సేవకు శిక్షణ ఉండాలనీ మాన్‌షార్ట్ భావించాడు. సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు సహాయంతో 1936లో సమాజ సేవకు పోస్టుగ్రాడ్యుయేట్ పాఠశాల ప్రారంభమైంది, ఆయనే తొలి డైరెక్టరు. 1944 నుంచి దాని పేరు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. వారంలో కొన్ని రోజులు క్షేత్రంలో గడిపి, చూసినది రాసి, అధ్యాపకునితో చర్చించే మన సమాజ సేవా కోర్సుల పద్ధతికి ఒక వేరు ఆ మిషను ఇంట్లో ఉంది. అయితే పాఠశాల పెరిగేకొద్దీ మిషను గుర్తు చెరిగిపోయింది. ఆక్స్‌ఫర్డ్ హౌస్ వారు దీన్ని ఓటమి అనేవారేమో, బార్నెట్ అనడు.

కాఫీ బండి, జంగరాయి

ఒక్క ఏడాది తేడాతో వచ్చిన రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. రెండూ పరిచర్య సంస్థల అండతో వచ్చినవే. రెండూ చర్చి తలుపు బయట ఏం జరుగుతోందో చూసినవే.

మొదటిది 1967లో జార్జ్ గెట్షియస్, జోన్ టాష్ రాసినది. లండన్ వై.డబ్ల్యు.సి.ఎ. వారు ఏ క్లబ్బులోనూ చేరని యువతీయువకులను కలవడానికి వీధిలో కాఫీ బండి పెట్టారు. కప్పు కాఫీ తాగి నిలబడి మాట్లాడుకోవడమే కార్యక్రమం. సభ్యత్వం లేదు, ప్రార్థన లేదు. పనివారు ప్రతిసారీ జరిగిన సంభాషణనూ, అందులో తాము అన్న మాటనూ, తాము చేసిన తొందరపాటునూ వివరంగా రాసి, అనుభవజ్ఞులతో చర్చించేవారు. ఇక్కడ పరిశీలనకు గురైంది యువకులొక్కరే కాదు, పనివాడు కూడా. నేటి యువజన పరిచర్య కోర్సుల్లో విద్యార్థుల చేత రాయించే దినచర్య పుస్తకానికి ఈ అలవాటే ఆధారం.

రెండోది మన తెలంగాణలోది. దక్షిణ ఇండియా సంఘం మెదక్ డయోసిస్‌లో వడియారం పాస్టరేటు ఉంది. సికింద్రాబాదు నుంచి నిజామాబాదు వెళ్లే రైలు దారిలో తగిలే ఊరది. ఆ పాస్టరేటు కింద జంగరాయి చుట్టుపక్కల పల్లెల్లోని సంఘాలను 1959లో పి.వై. లూక్, జాన్ కార్మన్ అధ్యయనం చేశారు. కార్మన్ తెలుగు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ వైద్యుని కొడుకు. వారి పుస్తకం 1968లో, ప్రపంచ చర్చిల మండలి చేపట్టిన ప్రాంతీయ అధ్యయనాల వరుసలో వచ్చింది.

అప్పటికి మెదక్ సంఘానికి గొప్ప పేరుంది. చార్లెస్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ కట్టించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఆ గోపురం చూసినవారికి పల్లెల్లోని సంఘం కూడా అంతే బలంగా ఉంటుందనిపిస్తుంది. లూక్, కార్మన్ చూసినది వేరు. పల్లె క్రైస్తవులు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవారు. వారికి బాప్తిస్మం ఉంది, పాటలు వచ్చు, క్రిస్మస్ ఉంది. ఊరి దేవతల పండుగల్లో పాలూ ఉంది. జబ్బు చేస్తే ప్రార్థన చేయిస్తారు, మందు తింటారు, అవసరమైతే పాత మొక్కూ తీరుస్తారు. ఊళ్లో ఒక పేరు, సంఘంలో ఒక పేరు.

దీన్ని పాత మిషను నివేదిక అయితే ‘వెనక్కి జారిపోవడం’ అనేది. ఈ పరిశోధకులు తీర్పుకు ముందు వర్ణనకు చోటిచ్చారు. ఒక మాదిగ కుటుంబాన్ని తీసుకోండి. ఊరి పండుగలో డప్పు కొట్టడం ఆ ఇంటికి తరతరాల బాధ్యత, కళ్లం దగ్గర దొరికే గింజలకు అదీ ఒక కారణం. ‘విగ్రహారాధన కాబట్టి డప్పు మానెయ్యి’ అని సువార్తికుడు చెబుతాడు. మానేస్తే గింజలు ఎవరిస్తారు? రైతు ఇంటి ముందుకు వెళ్లి నిలబడాల్సింది సువార్తికుడు కాదు, ఆ కుటుంబం. ఈ సంగతి తెలియకుండా వారి భక్తిని కొలిస్తే కొలత తప్పుతుంది. ఊరి ఆర్థిక సంబంధాల మధ్యలో పెట్టి చూస్తే గానీ మతం అర్థం కాదన్నది పికెట్ వర్గీకరణలో లేని అవగాహన.

మరో చిక్కు చట్టం తెచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కుల హోదా హిందువులకే పరిమితమైంది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవులైన దళితులు బి.సి.–సి వర్గంలోకి వస్తారు. దాంతో బడిలో, తహసీల్దారు కార్యాలయంలో ఒక మతం, ఆదివారం మరో మతం అనేది చాలా కుటుంబాలకు బతుకు అవసరమైంది. జనాభా లెక్కల్లోని క్రైస్తవుల శాతాన్ని యథాతథంగా ప్రాజెక్టు మొదటి పేజీలో ఎక్కించే విద్యార్థి ఈ సంగతి మరచిపోకూడదు.

యాభై ఏళ్ల తర్వాత కార్మన్, తెలుగు వేదాంత పండితుడు చిలుకూరి వసంతరావుతో కలిసి అదే పల్లెలకు తిరిగి వచ్చాడు. 1959 నుంచి 2009 వరకు కథ చెప్పే వారి పుస్తకం 2014లో వచ్చింది. దాని పేరులోనే క్షీణత, పునరుజ్జీవనం అన్న రెండు మాటలూ ఉన్నాయి. పాత మిషను సంఘాలు చాలాచోట్ల చిక్కిపోయాయి. అదే సమయంలో, ఏ మిషనుకూ చెందని కొత్త ప్రార్థనా మందిరాలు లేచాయి, స్వస్థత ప్రార్థనల కోసం జనం వాటికి వెళుతున్నారు. ఒకే చోటును అరశతాబ్దం తర్వాత మళ్లీ చదివిన అధ్యయనాలు భారతదేశ క్రైస్తవ చరిత్రలో అరుదు. మొదటిసారి రాసుకున్నది జాగ్రత్తగా రాసుకోవడం వల్లే రెండోసారి పోల్చడం వీలైంది.

మీరు ఈ అంశంపై ప్రాజెక్టు తీసుకుంటే, దూరం వెళ్లనవసరం లేదు. బూత్ సహాయకుల నోటు పుస్తకాలు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ గ్రంథాలయంలో ఉన్నాయి. చాలా భాగం ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. ఒక వీధి వర్ణన చదివి, మీ బస్తీలో ఒక వీధిని అలాగే రాసి చూడండి. ఇక మీ ఊరి పాత సంఘంలో బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు, కమిటీ మినిట్స్ పుస్తకాలు, జూబిలీ సంచికలు ఉంటాయి. పాస్టరుగారి అనుమతితో వాటిని చూడవచ్చు. బాప్తిస్మ రిజిస్టరులో పాత పేరు, కొత్త పేరు ఒకే వరుసలో కనిపించినప్పుడు, ఆ వరుసను ఉన్నదున్నట్లు మీ నివేదికలోకి ఎక్కించకండి. పేర్లకు బదులు సంఖ్యలు వాడండి, ఊరి పేరు మార్చండి. బూత్ కూడా కుటుంబాల అసలు పేర్లను అచ్చులోకి రానివ్వలేదు. ఆయన కాపాడింది పరువును. మీరు కాపాడవలసింది ఒక విద్యార్థి కుల ధ్రువపత్రాన్నీ, దాని మీద ఆధారపడిన కాలేజీ సీటునూ.